పిన్ని కోర్టు మెట్లెక్కిన వేళ

మీ ఇంట్లో మెంతులు ఏ డబ్బాలో ఉన్నాయో అడిగితే కళ్ళు మూసుకుని చెప్తారు. పోయినేడాది ఆవకాయలో ఉప్పు ఎంత పడిందో కూడా చెప్తారు. మరి ఫిక్సెడ్ డిపాజిట్ రసీదు మీద నామినీగా ఎవరి పేరుంది? మీవారు వీలునామా రాశారా? రాస్తే ఏ ఆఫీసులో రిజిస్టరయింది? అడగ్గానే మొహమొహాలు చూసుకుంటాం. "అవన్నీ ఆయనే చూసుకుంటారండీ!" అనేస్తాం. నేనూ అలా అన్నదాన్నే. మా పిన్ని పడ్డ అవస్థ చూశాక ఆ మాట అనడం మానేశాను.

పిన్ని అంటే మా అమ్మకు చెల్లెలు. అమీర్‌పేటలో వెనకటి సత్యం థియేటరుకు నాలుగు వీధుల అవతల ఉంటుంది. థియేటరు పోయి ఆ చోట మెరిసిపోయే మల్టీప్లెక్సు వచ్చింది గానీ, పిన్ని ఇల్లు మాత్రం అదే. నేనుండేది పంజాగుట్టలో. మెట్రో ఎక్కితే ఒక్క స్టేషను. అందుకే ఆమె కష్టంలో ప్రతి మెట్టూ నేనూ ఎక్కాను.

2023లో బాబయ్య పోయారు. పెద్దకర్మ అయిన మర్నాడు బీరువా తీశాం. చీరల అడుగున ఒక పాత బిస్కెట్ డబ్బా. అందులో రబ్బరుబ్యాండు చుట్టిన డిపాజిట్ రసీదులు, కరెంటు బిల్లులు, ఎప్పటివో రేషను కార్డులు, ఒక చిన్న డైరీ. అన్నీ కలిపి కలగూరగంప! రసీదులు కూడితే ఒకే బ్యాంకులో 24 లక్షలున్నాయి. జీతంలో, పెన్షన్లో మిగిల్చి కూడబెట్టిన డబ్బు. పిన్ని నోరు వెళ్ళబెట్టింది. "ఇంత ఉందని నాకెప్పుడూ చెప్పలేదే!" అని ఏడ్చింది. కోపంతో ఏడ్చిందో, ప్రేమతో ఏడ్చిందో నాకర్థం కాలేదు. రెండూ అయ్యుంటాయి.

రసీదులు పట్టుకుని బ్యాంకుకు వెళ్ళాం. నామినీ గడి ఖాళీ. ఒక్కదానిమీద కూడా పేరు లేదు. "సక్సెషన్ సర్టిఫికెట్ తీసుకురండమ్మా" అన్నారు. పిన్ని తల ఊపి బయటికొచ్చి నన్నడిగింది, "అదేంటే? మీసేవలో ఇస్తారా?" అని.

పప్పులన్నీ ఒకటి కావు

ఇక్కడే మనలో చాలామంది బోల్తా పడతాం. కందిపప్పూ పప్పే, శనగపప్పూ పప్పే. కానీ సాంబారులో ఏది పడాలో అదే పడాలి. ఈ సర్టిఫికెట్ల సంగతీ అంతే. మూడున్నాయి. మూడూ వేరు.

మొదటిది మరణ ధ్రువపత్రం. ఇది నగరపాలక సంస్థ ఇచ్చేది. మరణం జరిగిన 21 రోజుల్లోపు నమోదు చేయిస్తే ఖర్చు లేదు, తంటా లేదు. ఆలస్యమైన కొద్దీ ఫీజులు, అఫిడవిట్లు, అనుమతులు. పేరులో ఒక్క అక్షరం తేడా లేకుండా, ఆధార్‌లో ఎలా ఉందో, బ్యాంకు పుస్తకంలో ఎలా ఉందో సరిచూసుకోండి. కనీసం ఐదారు ప్రతులు తీసుకోండి. అడగని ఆఫీసు లేదు.

రెండోది ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్. మీసేవలో దరఖాస్తు చేస్తే తహసీల్దారు కార్యాలయం వాళ్ళు విచారించి ఇస్తారు. పోయినవారి కుటుంబంలో ఎవరెవరున్నారో చెప్పే కాయితం ఇది. పెన్షనుకూ, చిన్నాచితకా పనులకూ పనికొస్తుంది. అమీర్‌పేట, ఖైరతాబాద్ మండలాలు పక్కపక్కనే ఉంటాయి కాబట్టి, మీ వీధి ఏ మండలం కిందికి వస్తుందో మీసేవలో ముందే అడగండి. లేకపోతే ఒక తిరుగుడు దండగ.

మూడోదే మా పిన్నిని అడిగింది. సక్సెషన్ సర్టిఫికెట్ అంటే కోర్టు ఇచ్చే వారసత్వ పత్రం. 1925 నాటి భారత వారసత్వ చట్టం కింద ఇస్తారు. పోయినవారికి రావలసిన డబ్బు, అంటే డిపాజిట్లు, షేర్లు, బాండ్లు, ఎవరైనా తీర్చాల్సిన బాకీలు, వీటిని ఎవరు వసూలు చేసుకోవచ్చో ఇది చెప్తుంది. దీన్ని చూసి డబ్బిచ్చిన బ్యాంకుకు ఆ తర్వాత పూచీ ఉండదు. అందుకే వాళ్ళు అంత గట్టిగా అడుగుతారు. ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. ఇది డబ్బుకే. ఇంటికీ, స్థలానికీ కాదు.

ఏ మతంవారికైనా ఈ సర్టిఫికెట్ ఒకటే. ఎవరికెంత వాటా అన్నది మాత్రం వారి వారి చట్టం ప్రకారం.

వీలునామా వేట

ఇంతలో పిన్నికి ఒక సంగతి గుర్తొచ్చింది. బాబయ్య ఎప్పుడో భోజనాల దగ్గర "ఇంటి సంగతి నేను రాసిపెట్టానులే" అన్నారట. ఎక్కడ రాశారు? ఎవరికి ఇచ్చారు? డబ్బాలో లేదు, దేవుడి గూట్లో లేదు, పరుపు కింద లేదు.

వకీలమ్మగారు చెప్పారు, "రిజిస్టరు చేయించి ఉంటే కాయితం పోయినా ఫరవాలేదమ్మా. సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో దొరుకుతుంది" అని. వీలునామాలను అక్కడ మూడో నంబరు పుస్తకంలో ఎక్కిస్తారట. ఇందులో చట్టం ఒక చక్కని ఏర్పాటు చేసింది. రాసినవారు బతికుండగా ఆ నకలు వారికీ, వారి ఏజెంటుకూ తప్ప ఇంకెవరికీ ఇవ్వరు. కొడుకు అడిగినా, కోడలు అడిగినా ఇవ్వరు. వారు పోయాక మాత్రం మరణ ధ్రువపత్రం చూపించి అర్జీ పెట్టుకుంటే నకలు ఇస్తారు.

మేం చేసిన పొరపాటు వినండి. ఇల్లు అమీర్‌పేటలో ఉంది కదా అని ఎస్సార్ నగర్ సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలోనే వెతికించాం. లేదన్నారు. పిన్ని నీరుగారిపోయింది. కానీ అమ్మకం దస్తావేజుల్లాగా వీలునామాను ఆస్తి ఉన్నచోటే రిజిస్టరు చేయించాలని లేదు. రాసినవారికి వీలైన మరో సబ్ రిజిస్ట్రారు దగ్గర కూడా చేయించుకోవచ్చు. అప్పుడు మళ్ళీ ఆ చిన్న డైరీ తిరగేశాం. పాల లెక్కల మధ్య ఒక పేజీలో బాబయ్య చేతిరాత. ఒక నంబరు, పక్కన సంవత్సరం. అది దస్తావేజు నంబరు! ఆయన పనిచేసిన ఆఫీసుకు దగ్గర్లోని సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో ఆ నంబరు చెప్పగానే పుస్తకంలో పేజీ దొరికింది. నంబరూ సంవత్సరమూ తెలిస్తే పని ఎంత సులువో ఆ రోజు చూశాను. అవి తెలియకపోతే పేరు మీద సూచిక వెతికించాలి, ఒక్కో ఏడాదీ తిరగేయాలి.

వీలునామాలో ఇల్లు పిన్నికి రాశారు. డిపాజిట్ల ఊసు లేదు. అంటే ఇంటికి వీలునామా ఉన్నట్టు, డబ్బుకు లేనట్టు. డబ్బు కోసం కోర్టుకు వెళ్ళక తప్పలేదు.

"వీలునామాను కూడా కోర్టులో రుజువు చేయించాలటగా, ప్రొబేటు తీసుకోవాలటగా?" అని మా తమ్ముడు, అంటే పిన్ని కొడుకు, ఎక్కడో విని వచ్చాడు. ప్రొబేటు అంటే ఈ వీలునామా నిజమైనదే అని కోర్టు వేసే ముద్ర. మద్రాసు, బొంబాయి, కలకత్తా వంటి చోట్ల హిందువుల వీలునామాలకు అది తప్పనిసరిగా ఉండేది. మన హైదరాబాదులో ఎన్నడూ తప్పనిసరి కాదు. 2025 చివర్లో పార్లమెంటు ఆ నిబంధననే ఎత్తేసింది. అయితే వీలునామా మీద ఎవరైనా పేచీ పెడితే మాత్రం దాన్ని కోర్టులో రుజువు చేయాల్సిందే. సాక్షి సంతకం చేసినవాళ్ళలో ఒకరైనా వచ్చి చెప్పాలి. అందుకే సాక్షులుగా మనకంటే చిన్నవాళ్ళను, దగ్గర్లో ఉండేవాళ్ళను పెట్టుకోవడం మంచిది.

ఎవరి పేరు రాయాలి, ఎవరి పేరు మానాలి?

అసలు కథ ఇక్కడుంది.

వకీలమ్మగారు కాయితం, పెన్ను తీసుకుని, "వారసుల పేర్లు చెప్పండి" అన్నారు. పిన్ని తన పేరు, కొడుకు పేరు చెప్పింది. కూతురు పేరు చెప్పబోతుంటే తమ్ముడు అడ్డం వచ్చాడు. "అక్క అమెరికాలో ఉందమ్మా. సంతకాలు, కాన్సులేటు, నానా గొడవ. అక్క ఏమీ అనుకోదు, పేరు రాయకపోతే పని తొందరగా అయిపోతుంది" అన్నాడు. వాడు దుర్మార్గుడేం కాదు. తొందరపాటు మనిషి, అంతే.

పిన్ని ఏమీ అనలేదు. ఒక నిమిషం ఆగి, "ఒరేయ్, చిన్నప్పుడు మామిడిపండు కోస్తే దానికి ముక్క పెట్టకుండా నువ్వు తినేవాడివి కాదు. ఇప్పుడెట్లా తింటావురా?" అంది. వాడు తల దించుకున్నాడు.

వకీలమ్మగారు ఇంకా గట్టిగా చెప్పారు. అర్జీలో పోయినవారి కుటుంబం, దగ్గరి బంధువులు, వారి చిరునామాలు అన్నీ రాయాలని చట్టమే చెప్తుంది. తెలిసి దాచిపెట్టి సర్టిఫికెట్ తెచ్చుకుంటే తర్వాత కోర్టు దాన్ని రద్దు చేయవచ్చు. అబద్ధం రాసినందుకు కేసు కూడా కావచ్చు. "తొందరగా అవుతుంది" అనుకున్నది మళ్ళీ మొదటికొస్తుందన్నమాట!

"ఇంకెవరైనా ఉన్నారా?" అని అడిగారు ఆవిడ. "లేరండీ" అన్నాం ముగ్గురం ఒకేసారి. "మీ ఆయనగారి తల్లిగారు?" అన్నారు.

మేం మర్చిపోయాం. వంటింటి పక్క గదిలో మంచంమీద కూర్చుని జపమాల తిప్పుకునే మామ్మగారిని, పిన్ని అత్తగారిని, ముగ్గురమూ మర్చిపోయాం. ఆవిడకు 86 ఏళ్ళు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టంలో వీలునామా లేకుండా పోయిన మగవాడి ఆస్తికి మొదటి తరగతి వారసుల్లో భార్య, కొడుకులు, కూతుళ్ళతో పాటు తల్లి కూడా ఉంది. పెళ్ళయిన కూతురైనా, పెళ్ళికాని కూతురైనా ఒకటే. మా పిన్ని విషయంలో నలుగురికీ సమాన భాగాలు. 24 లక్షల్లో తలా 6 లక్షలు.

అన్నట్టు, కూతుళ్ళ సంగతి వచ్చింది కాబట్టి చెప్తున్నా. పిత్రార్జితంలో కూతుళ్ళకు కొడుకులతో సమానంగా హక్కు ఇవ్వడంలో మన తెలుగువాళ్ళదే ముందడుగు. ఎన్టీఆర్ ప్రభుత్వ కాలంలో 1986లో ఆంధ్రప్రదేశ్ చట్టం వచ్చింది. దేశమంతటికీ అది 2005లో గానీ రాలేదు. తండ్రి 2005 కంటే ముందే పోయినా కూతురి హక్కు పోదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది.

ఆ సాయంత్రం పిన్ని అత్తగారి పక్కన కూర్చుని, "అత్తయ్యగారూ, మీ అబ్బాయి డబ్బులో మీకూ భాగం ఉందట. కోర్టు కాయితంమీద వేలిముద్ర వేయాలి" అని చెప్పింది. మామ్మగారికి చాలాసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక, "నన్నెవరూ ఎప్పుడూ ఏదీ అడగలేదే అమ్మాయ్, పుట్టింటివాళ్ళూ అడగలేదు, మీ మామగారూ అడగలేదు" అంది. తర్వాత కళ్ళు తుడుచుకుని, "నా మందుల డబ్బులు ఇకనుంచి నేనే ఇస్తా" అంది. మేం నవ్వాం, ఏడ్చాం.

పురానీ హవేలీ దారి

పోయినవారు చివరిదాకా ఎక్కడ కాపురమున్నారో అక్కడి కోర్టులో అర్జీ పెట్టాలి. మన హైదరాబాదు నగరంలో అయితే సిటీ సివిల్ కోర్టు. దానికి పురానీ హవేలీలోనూ, సికింద్రాబాదులోనూ విభాగాలున్నాయి. మీ చిరునామా ఎటు వస్తుందో వకీలుగారిని అడిగి వెళ్ళండి. మేం పురానీ హవేలీ వెళ్ళాం. అమీర్‌పేటలో ఎర్ర లైను మెట్రో ఎక్కి ఎంజీబీఎస్‌లో దిగి, ఆటోలో మూసీ దాటి దారుల్‌షిఫా మీదుగా వెళ్ళవచ్చు. పిన్ని మొదటిరోజు భయంతో పెరుగన్నం కూడా తినలేదు. అక్కడ చూస్తే మనలాంటి ఆడవాళ్ళు ఎంతమందో! బురఖాలో ఒకావిడ, చంకలో పిల్లతో ఒకమ్మాయి, పసుపుతాడు లేని మెడతో ఇంకొకావిడ. "అందరం ఒక బల్లమీదే కూర్చున్నామే" అంది పిన్ని తర్వాత.

అర్జీలో ఏముండాలంటే, పోయిన తేదీ, చివరి నివాసం, బంధువుల వివరాలు, మీకు ఏ హక్కుతో ఇవ్వాలో కారణం, చివర షెడ్యూలు. ఈ షెడ్యూలే ప్రాణం. ప్రతి డిపాజిట్ నంబరు, బ్యాంకు, శాఖ, మొత్తం రాయాలి. సర్టిఫికెట్ అందులో రాసినవాటికే పనికొస్తుంది, రాయనిదానికి పనికిరాదు. కోర్టు ఫీజు మొత్తం విలువను బట్టి ఉంటుంది. దానికి సరిపడా డబ్బు అర్జీతోనే డిపాజిట్ చేయాలి. కాబట్టి ముందే చేతిలో ఉంచుకోండి.

తర్వాత కోర్టు వాయిదా తేదీ ఇచ్చి, వారసులకు నోటీసులు పంపి, కోర్టు ఆవరణలో అతికిస్తుంది. పేపర్లో ప్రకటన కూడా వేయమంటారు. ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పుకోవడానికి ఇదంతా. చెల్లి అమెరికాలో మన కాన్సులేటుకు వెళ్ళి తమ్ముడి పేర పవర్ ఆఫ్ అటార్నీ రాసి పంపింది. ఆమెకు ఒక పూట సెలవు పోయింది, అంతే. ఏ గొడవకు భయపడి పేరు తీసేద్దామనుకున్నామో అది ఒక్క పూట పని!

పిన్ని సాక్ష్యం చెప్పే రోజు వచ్చింది. అఫిడవిట్ రాసిచ్చింది, జడ్జిగారు రెండు ప్రశ్నలడిగారు. "మీకు మీ ఆడపిల్లతో, అత్తగారితో తగాదాలున్నాయా?" అన్న దానికి "లేవండీ, వాళ్ళ పేర్లు నేనే రాయించాను" అని జవాబిచ్చిందట. మొత్తం ఎనిమిది నెలలు పట్టింది. తగాదా లేదు కాబట్టి అంత తొందరగా అయిందన్నారు.

మేం చేసిన తప్పులు మీరు చేయకండి

ఒకటి. ఆర్డరు నకలుకు అర్జీ పెట్టి, ఇంటికొచ్చి హాయిగా కూర్చున్నాం. కోర్టులో నకలు కావాలంటే కాపీ అప్లికేషను పెట్టాలి. దానికో నంబరు ఇస్తారు. ఎన్ని పేజీలో లెక్కచూసి, ఇంత విలువకు స్టాంపులు కట్టాలని నోటీసు బోర్డులో పెడతారు. గడువులోగా కట్టకపోతే అర్జీ కొట్టేస్తారు. మేం బోర్డు చూడలేదు. అర్జీ పోయింది, మళ్ళీ పెట్టాం. నకలు చేతికొచ్చాక చివరి పేజీ చూడండి. అర్జీ పెట్టినదెప్పుడు, స్టాంపులు అడిగినదెప్పుడు, కట్టినదెప్పుడు, నకలు సిద్ధమైనదెప్పుడు, అన్ని తేదీలూ ఉంటాయి.

రెండు. సర్టిఫికెట్ వచ్చిన సంబరంలో పిన్ని పాత పంచాంగాలు తీసేస్తుంటే, ఒకదాంట్లోంచి 80 వేల డిపాజిట్ రసీదు జారిపడింది! షెడ్యూలులో లేదు కదా, బ్యాంకు ఇవ్వనంది. ఇలాంటప్పుడు సర్టిఫికెట్‌ను దానికి కూడా పొడిగించమని అదే కోర్టులో అర్జీ పెట్టుకోవచ్చు. పెట్టుకున్నాం. మళ్ళీ ఫీజు, మళ్ళీ వాయిదాలు. కాబట్టి కోర్టుకు వెళ్ళకముందే పంచాంగాలు, భగవద్గీతలు, పాత డైరీలు, సూట్‌కేసుల జేబులు అన్నీ దులపండి. పదేళ్ళు ఎవరూ ముట్టని ఖాతాల వివరాలు వెతకడానికి రిజర్వ్ బ్యాంకు 2023లో ఉద్గమ్ అనే పోర్టల్ పెట్టింది. ఇంట్లో పిల్లల్ని కూర్చోబెట్టి వెతికించండి.

మూడు. కోర్టుల బయట "వారంలో తెప్పిస్తా" అనేవాళ్ళు తగులుతారు. నోటీసు గడువులు వారంలో తీరవు. రసీదు లేని రూపాయి ఎవరికీ ఇవ్వకండి.

ఒక పాఠకురాలి సందేహం

పంజాగుట్ట నుంచి ఒక సోదరి అడిగారు. "మా మామగారు పోయినప్పుడు కోర్టు నుంచి ఏదో కాయితం తెచ్చారట. ఇప్పుడది కనబడడం లేదు. మళ్ళీ దొరుకుతుందా?" అని.

దొరికే అవకాశం ఉందమ్మా. మీకు కావలసింది కేసు నంబరు, సంవత్సరం. ఇలాంటి కేసుల్ని ఓ.పీ. అంటారు. పాత వకీలుగారి ఫైలు, బ్యాంకుకు ఇచ్చిన ఉత్తరాల జిరాక్సులు చూడండి, ఎక్కడో ఒకచోట ఆ నంబరుంటుంది. నంబరు దొరికితే ఆ కోర్టులోనే నకలుకు అర్జీ పెట్టండి. తీర్పయిన కేసుల కట్టలు రికార్డు రూముకు వెళ్తాయి, అక్కడినుంచి తెప్పిస్తారు. నంబరు తెలియకపోతే మీ మామగారు పోయిన సంవత్సరం, ఆ మరుసటి సంవత్సరం రిజిస్టర్లలో పేరు వెతికించమని వకీలుగారి ద్వారా కోరండి. కొత్త కేసులైతే ఈ-కోర్ట్స్ వెబ్‌సైటులో పార్టీ పేరు కొట్టినా వస్తాయి. ప్రతి కేసుకూ 16 అక్షరాలూ అంకెలూ కలిసిన సీఎన్ఆర్ నంబరు ఉంటుంది. అది మాత్రం రాసిపెట్టుకోండి. ఆలస్యం చేయకండి, పాత కట్టల్లో కొన్ని కాయితాలు కాలపరిమితి దాటాక తీసేస్తారు.

ఇవాళే చేయాల్సినవి

మీవారు ఆఫీసు నుంచి రాగానే మీద పడకండి. కాఫీ ఇచ్చి, స్థిమితపడ్డాక అడగండి.

1. ప్రతి ఖాతాకు, డిపాజిట్‌కు, లాకరుకు నామినీ ఉన్నారో లేదో చూడండి. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు ఖాతాకు నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు.

2. నామినీ అంటే మామూలుగా డబ్బు అందుకునే మనిషే, సొంతదారు కాదు. సుప్రీంకోర్టు ఈ మాట ఎన్నోసార్లు చెప్పింది, షేర్ల విషయంలో 2023 డిసెంబరులో మళ్ళీ చెప్పింది. కాబట్టి నామినీతో పాటు వీలునామా కూడా ఉంటే తగాదా రాదు.

3. నామినీ లేకపోయినా, వీలునామా, తగాదా లేని చోట బ్యాంకులు 15 లక్షల దాకా, సహకార బ్యాంకులు 5 లక్షల దాకా కోర్టు సర్టిఫికెట్ అడగకుండా ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు 2025 సెప్టెంబరులో ఆదేశించింది. 2026 మార్చి నెలాఖరులోగా అమలుచేయాలని గడువు పెట్టింది. మీ మొత్తం అంతకు లోపల ఉంటే బ్యాంకులో ఈ మాట అడగండి.

4. వీలునామాకు స్టాంపు డ్యూటీ లేదు, తెల్లకాయితం చాలు. ఇద్దరు సాక్షులు ఉండాలి. ఆస్తి పొందేవాళ్ళను సాక్షులుగా పెట్టకండి. రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు గానీ, చేయిస్తే కాయితం పోయినా నకలు దొరుకుతుంది. ఇల్లు, డబ్బు, బంగారం అన్నిటి ఊసూ రాయండి. మా బాబయ్య ఇల్లు రాసి డబ్బు మర్చిపోయారు!

5. మీ పేర ఏమైనా ఉంటే మీరూ రాయండి. "నాకేముందిలే" అనకండి. మెడలో గొలుసూ ఆస్తే.

6. అసలు కాయితాలు లామినేషన్ చేయించకండి. ప్లాస్టిక్ ఫైల్లో పెట్టి, పురుగు పట్టకుండా రెండు ఎండు వేపాకు రెమ్మలు వేయండి. ఏ కాయితం ఎక్కడుందో ఒక నోటుబుక్కులో రాయండి.

మా పిన్ని ఆ నోటుబుక్కును పోపుల డబ్బా పక్కనే పెట్టుకుంది. మొదటి పేజీలో కోర్టు నంబరు, సీఎన్ఆర్ నంబరు, రెండో పేజీలో తన డిపాజిట్లు, నామినీగా కొడుకూ కూతురూ ఇద్దరి పేర్లూ. మూడో పేజీ మామ్మగారిది. ఆవిడ పేర బ్యాంకులో ఖాతా తెరిచారు. నెల తిరిగేసరికి "అమ్మాయ్, నా డబ్బులోంచి మందులు తెప్పించు" అని పిలుస్తుంది. ఆ గొంతులో దర్జా వినాలి మీరు!

మొన్న వెళ్ళినప్పుడు పిన్ని నాకు గోంగూర పప్పు వడ్డిస్తూ, "మీ ఆయన వీలునామా రాశాడా?" అని అడిగింది. "ఇంకా లేదు పిన్నీ" అన్నాను. "అయితే ఇవాళ నెయ్యి లేదు పో!" అంది.

ఈ వారం మీ ఇంట్లోనూ నెయ్యి వడ్డించే ముందు ఒకసారి అడిగి చూడండి. ఉంటాను మరి.